మ్యాట్ కాగితం మీద నలుపు ఎందుకు తేలిపోతోంది?

ప్రశ్న: గోదావరి రేవుల్లో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు, ఎక్కువగా పడవలూ సరంగుల ముఖాలూ, ఇంట్లోనే పిగ్మెంట్ ఇంకు ప్రింటర్ మీద తీస్తున్నాను. గ్లాసీ (నిగనిగలాడే) కాగితం మీద నలుపు చిక్కగా పడుతోంది. మ్యాట్ (నిగనిగ లేని) కాగితం మీద బూడిద రంగులో తేలిపోతోంది. ఎప్సన్ మ్యాట్, హానెమ్యూలె ఫోటో రాగ్, కాన్సన్ రాగ్ ఫోటోగ్రాఫిక్... ఈ కాగితాల్లో ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డబ్బులు పెట్టే ముందు ప్రింటర్ సెట్టింగ్స్ ఉండే డ్రైవర్‌లో పేపర్ టైప్ ఏముందో చూడండి. పిగ్మెంట్ ప్రింటర్లలో చాలావాటికి రెండు నల్ల ఇంకులుంటాయి: గ్లాసీకి ఫోటో బ్లాక్, మ్యాట్‌కి మ్యాట్ బ్లాక్. పేపర్ టైప్ గ్లాసీ అని ఉండిపోతే మ్యాట్ కాగితం మీద కూడా ఫోటో బ్లాకే పడుతుంది. ఎంత ఖరీదైన కాగితమైనా అప్పుడు బూడిదే. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

అది సరిచేసినా గ్లాసీ నలుపు రాదు, దానికి టెన్షన్ పడొద్దు. మ్యాట్ మీద నలుపు సాంద్రత (అంకె పెరిగేకొద్దీ నలుపు చిక్కన) సుమారు 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. మంచి గ్లాసీ మీద 2.2 దాటుతుంది. అంటే మీద పడిన వెలుగులో మ్యాట్ నలుపు 2 శాతానికి పైగా తిప్పి పంపితే, గ్లాసీ నలుపు 1 శాతం కూడా పంపదు. గరుకు ఉపరితలం వెలుగును అన్ని వైపులా చెదరగొట్టడమే కారణం. అందుకే ఫోటోషాప్‌లో ఆ కాగితం ప్రొఫైల్ (దాని మీద రంగులెలా పడతాయో చెప్పే ఫైలు) పెట్టి, ప్రింటు ఎలా వస్తుందో తెర మీద చూపే సాఫ్ట్ ప్రూఫ్‌లో చూస్తూ నీడల్ని కాస్త పైకి లేపాలి. లేకపోతే పడవ కింది నీడంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది.

ఇక కాగితాలు. ఎప్సన్ మ్యాట్ చవక, తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు ఆప్టికల్ బ్రైటెనర్లది. బట్టల సబ్బు పొడుల్లో వేసే సరుకే. కిటికీ వెలుగులో నీలంగా మెరిసి, అతినీలలోహిత కిరణాలు లేని ఎల్ఈడీ కింద చప్పబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెరుపు పోయి కాగితం పసుపు వైపు తిరుగుతుంది. టెస్ట్ ప్రింట్లకు ఇది చాలు, గోడకు వద్దు.

ఫోటో రాగ్ 308 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), పూర్తి కాటన్, బ్రైటెనర్ కొద్దిగా ఉంటుంది. రాగ్ ఫోటోగ్రాఫిక్ 310 జీఎస్ఎం, అదీ కాటనే, బ్రైటెనర్ అసలు లేదు. రెండూ నునుపైనవే, నలుపులో తేడా వెతికితే గానీ దొరకదు. సరంగుల ముఖాలకు నేనైతే కాన్సన్ తీసుకుంటాను, ఎండకు కమిలిన చర్మానికి ఆ కాస్త వెచ్చటి తెలుపు నప్పుతుంది. మంచు పట్టిన రేవుకు ఫోటో రాగ్. జర్మన్ ఎచింగ్ లాంటి గరుకు కాగితాల జోలికి ఏ4 సైజులో వెళ్లకండి, తాళ్లూ ముడతలూ ఆ గరుకులో కలిసిపోతాయి.

కాటన్ కాగితానికి నూగు ఉంటుంది. ప్రింటర్‌లో పెట్టే ముందు మెత్తటి బ్రష్‌తో దులపండి, లేకపోతే ఆ నూగు తర్వాత రాలి నల్లటి చోట తెల్ల చుక్కలు తేలతాయి. మీది సముద్రపు గాలి, మిగిలిన షీట్లను కవర్‌లో పెట్టి మూసేయండి. ప్రింటును ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు తీర్పు చెప్పండి. నల్లటి చోట వేలు పెట్టొద్దు, గీత పడితే పోదు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ప్రింటుకు తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు వేయమనండి.