పర్కోలేషన్ అంటే ఇంకుడా, ఊటా?

సందేహం: కార్బన్ బ్లాక్ (మసిలాంటి నల్లటి కార్బన్ పొడి) కలిపిన పాలిమర్ బ్లెండ్‌లలో, అంటే రెండు ప్లాస్టిక్‌లాంటి పదార్థాలను కలిపినవాటిలో, కరెంటు ఎలా పారుతుందన్నది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఇంట్లోవాళ్లకు తెలుగులో చెబుదామని రాసుకుంటూ మూడు చోట్ల ఆగిపోయాను. బ్లెండ్‌ను సమ్మేళనం అనవచ్చా? ‘విద్యుత్‌వాహకత’ సరైన మాటేనా? పర్కోలేషన్‌కు ‘ఇంకుడు’ అని రాశాను, సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: మొదటి రెండూ తొందరగా తేలిపోతాయి. రసాయనశాస్త్రంలో సమ్మేళనమంటే మూలకాలు ఒక స్థిరమైన నిష్పత్తిలో కలిసి, తమ గుణాలు వదులుకుని కొత్త పదార్థం కావడం. మీ బ్లెండ్‌లో రెండు పాలిమర్లూ పక్కపక్కనే ఉంటాయి, దేని గుణం దానిదే. అది మిశ్రమం. ఇక విద్యుత్, వాహకత కలిస్తే జశ్త్వ సంధి వల్ల తకారం దకారమై ‘విద్యుద్వాహకత’ అవుతుంది. అయితే మీరు చెప్పదలచింది ఒక ముక్క గుణం కాదు, ఆ పదార్థం గుణం. రెసిస్టివిటీని విశిష్ట నిరోధం అంటున్నాం కాబట్టి దీన్ని విశిష్ట వాహకత అనండి.

అసలు ఆలోచించాల్సింది మూడో మాట గురించి. ఇంకుడు గుంత, ఊట చెరువు రెండూ మన పల్లెల్లో వినిపించే మాటలే. ఇంకిన నీరు లోపలికి పోయి కనబడకుండా పోతుంది. ఊరే నీరు ఇంకోచోట బయటపడుతుంది. 1957లో బ్రాడ్‌బెంట్, హామర్‌స్లీ అనే పరిశోధకులు పర్కోలేషన్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు వేసుకున్న ప్రశ్న కూడా ఇలాంటిదే: ఈ వైపు నుంచి వెళ్లింది ఆ వైపుకు చేరుతుందా, లేదా? వాళ్లకు ఆ ఆలోచన వచ్చింది గ్యాస్ మాస్కుల్లోని కార్బన్ రేణువుల వల్ల. అందుకని ఇంకుడు కన్నా ఊటే దగ్గరి మాట.

అదీ నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. మీ పదార్థంలో కార్బన్ ఊరదు, కదలదు. మీ విశాఖలో తెన్నేటి పార్కు కింద తీరంలో రాళ్లు దూరదూరంగా ఉన్నచోట కాలు తడవకుండా ముందుకు వెళ్లలేం. దగ్గరదగ్గరగా ఉన్నచోట ఒకదాని మీంచి ఒకదానికి అడుగు వేసుకుంటూ పోతాం. కార్బన్ కూడా అంతే. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే చాలాదాకా ఏమీ జరగదు. రేణువులు ఒకదాన్నొకటి అందుకోగానే విశిష్ట వాహకత లక్షల రెట్లు పెరగవచ్చు. గుండ్రటి రేణువులు చెదురుగా కలిస్తే ఇది ఘనపరిమాణంలో దాదాపు 16 శాతం దగ్గర జరుగుతుంది. పొడవాటి నానోట్యూబులకు (అతి సన్నని కార్బన్ గొట్టాలకు) 1 శాతం లోపే చాలవచ్చు.

దీనికి తెలుగులో ‘దారి పడటం’ అన్న చక్కని పలుకుబడి ఉంది. దారి వేయాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. దారి పడటం దానంతట అదే జరుగుతుంది. రేణువులను ఎవరూ వరసగా పేర్చలేదు కదా! కాబట్టి కరెంటు పారడం మొదలయ్యే ఆ కార్బన్ మోతాదును, అంటే పర్కోలేషన్ థ్రెషోల్డ్‌ను, నేనైతే ‘దారి పడే మోతాదు’ అంటాను.

మీ మిశ్రమంలో ఇంకో విశేషం ఉండవచ్చు. కార్బన్ రెండు పాలిమర్లలో ఒకదాంట్లోనే చేరి, ఆ పాలిమర్ కూడా ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తెగకుండా సాగితే, తక్కువ కార్బన్‌తోనే కరెంటు పారుతుంది. డబుల్ పర్కోలేషన్ అనే దీన్ని ‘జోడు దారి’ అనండి. జోడుగుళ్లపాలెం ఉన్న ఊరివాళ్లకు జోడు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.