క్వారీలో కేబుల్ లగ్గు దగ్గరే ఎందుకు కాలిపోతుంది?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో కంప్రెసర్‌కు వేసిన అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ (పైన ఉక్కు కవచం, అంటే ఆర్మర్, ఉన్నది) తరచూ చివరనే కాలిపోతోందని అడిగారు. ఇటువంటి చోట నేను లోడు కన్నా ముందు లగ్గునే (కేబుల్ తీగల కొనకు తొడిగి బోల్టుతో బిగించే లోహపు ముక్క) అనుమానిస్తాను. గాలి తగలగానే అల్యూమినియం మీద విద్యుత్తును సరిగా పోనివ్వని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది కనుక, తీగలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, వెంటనే జాయింటింగ్ పేస్టు పూసి, కేబుల్ సైజు లగ్గును దానికి తగిన డై (నొక్కే అచ్చు)తో క్రింప్ చేయకపోతే, అంటే తీగల మీద గట్టిగా నొక్కి పట్టించకపోతే, అక్కడ నిరోధం పెరుగుతుంది. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది కాబట్టి, మోటారు స్టార్టయి ఎక్కువ కరెంటు లాగిన ప్రతిసారీ ఆ చోటు బాగా వేడెక్కి, వ్యాకోచించి, చల్లారి, మరికాస్త వదులవుతుంది. లగ్గును సుత్తితో నలగగొట్టడం (ఇప్పటికీ కొందరు చేసే పనే ఇది) క్రింపింగ్ కాదు. రాగి బస్‌బార్‌కు (ప్యానెల్‌లో కరెంటు పంచే పట్టీ) బిగించేటప్పుడు బైమెటాలిక్ లగ్గు (అల్యూమినియం, రాగి కలిపి చేసినది) వాడాలి.

ఆర్మర్‌ను గ్లాండుతో (కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోట బిగించే లోహపు పట్టు) గట్టిగా పట్టించి ఎర్త్ చేయాలి. ఆ ఎర్త్ తెగితే, ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు యంత్రం బాడీని ముట్టుకున్నా షాక్ కొడుతుంది. కేబుల్‌ను దాని వ్యాసానికి 12 రెట్ల కన్నా తక్కువ వ్యాసార్ధంతో వంచకూడదు.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి పనిచేసేవారి దగ్గరే ఉంచుకుని, సప్లై ఉన్న చోట సరిచూసుకున్న టెస్టర్‌తో మూడు ఫేజులూ పరీక్షించాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) పరీక్ష తరువాత కేబుల్‌లో మిగిలిన చార్జిని ఎర్త్‌కు వదలకుండా కొనలను ముట్టుకోరాదు.