పీర్‌లెస్ అంటే తోటివారు లేనివారా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కళాశాల వార్షికోత్సవంలో చేసిన కూచిపూడి నృత్యానికి 'పీర్‌లెస్ పెర్ఫార్మెన్స్' అంటూ ప్రశంసాపత్రం ఇచ్చారు. పీర్ అంటే తోటివారు కదా! తోటివారు లేకపోవడం పొగడ్త ఎలా అవుతుందో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అది పొగడ్తే, అందులోనూ పెద్ద పొగడ్త. పీర్ అనే మాటకు అసలు అర్థం సమానుడు. లాటిన్‌లో సమానమనే అర్థమున్న 'పార్' నుంచి పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. స్వతంత్రుడైన మనిషిని అతని సమానుల తీర్పు వల్లనో, దేశ చట్టం వల్లనో తప్ప శిక్షించరాదని 1215 నాటి మాగ్నా కార్టా (ఇంగ్లండు రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం) చెప్పినప్పుడు, అందులో సమానులకు వాడినది ఈ లాటిన్ మాటే. బ్రిటన్‌లో ప్రభువులను పీర్లు అనడమూ హోదాలో ఒకరికొకరు సమానులన్న భావంతోనే. వారిలో డ్యూకు, ఎర్లు, బ్యారన్ అంటూ మళ్లీ అంతస్తులుండటం వేరే సంగతి. వయసులో, చదువులో సమానులైనవారు ఒకచోట చేరతారు కనుక తోటివారు అనే అర్థం దానికి అబ్బింది.

మన 'సాటి' నడకా ఇదే. 'సాటి విద్యార్థి' అన్నప్పుడు తోటివాడు, 'సాటిలేని' అన్నప్పుడు సమానుడు. కనుక పీర్‌లెస్‌కు 'సాటిలేని' అన్నదే సరైన తెలుగు. సంస్కృతపదం కావాలంటే 'అసమాన' దానికి దగ్గరగా ఉంటుంది.

ఇదే కుదురుకు చెందిన మరో మాట క్రికెట్ మైదానంలో వినిపించే 'అంపైర్'. పాత ఫ్రెంచిలో 'నాన్‌పెర్' అంటే జతకు చేరని బేసి మనిషి. ఇద్దరు తగవుపడితే ఏ పక్షానికీ చెందకుండా తీర్పు చెప్పే మూడోవాడు కనుక ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో అది 'నంపైర్' వంటి రూపంలో ఉండగా, ముందున్న 'ఎ' అనే ఉపపదం (ఆర్టికల్) మాట మొదటి నకారాన్ని తనలో కలుపుకొని 'ఆన్' కావడంతో 'అంపైర్' మిగిలింది. శ్రేష్ఠతను చెప్పే 'నాన్‌పరెయ్' కూడా ఈ కుటుంబంలోనిదే. అచ్చు పనివారు ఒకప్పుడు ఆరు పాయింట్ల చిన్న అక్షరాలను ఆ పేరుతోనే పిలిచేవారు.

సమానులే లేరని చెప్పే విశేషణం కనుక 'మోర్ పీర్‌లెస్' అనడం కుదరదు. ఒకే కార్యక్రమంలో పదిమందికి ఇదే మాట రాసి ఇవ్వడమూ భావ్యం కాదు.