కోరెషు మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పారసీక చక్రవర్తి సైరస్, అదే మన బైబిల్లోని కోరెషు, మీద నువ్వు రాస్తున్న నవల మొదటి భాగం చదివాను. నన్ను మాస్టారూ అన్నావు కాబట్టి నువ్వు అనే చనువు తీసుకుంటున్నాను. భాష బాగుంది. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

బాబిలోను అధ్యాయం దగ్గర నాకు ఒళ్ళు మండింది. సైరస్ రథం దిగుతాడు, జనం పూలు చల్లుతారు, ఆయన మానవ హక్కుల మీద ఒకటిన్నర పేజీ ఉపన్యాసం ఇస్తాడు. అంతకు కొన్నాళ్ళ ముందు టైగ్రిస్ నది ఒడ్డున ఓపిస్ పట్టణం దగ్గర జరిగిన యుద్ధానికి మాత్రం నువ్విచ్చింది ఒక్క వాక్యం. అక్కడ దోపిడీ జరిగిందనీ, జనాన్ని నరికారనీ బాబిలోను వాళ్ళ మట్టి పలకలోనే ఉందని ఎక్కువమంది పండితులు చదువుతారు. ఆ పలక నువ్వూ చూశావు, అందులోని తేదీలు వాడుకున్నావు కూడా. మరి అందులో ఉన్న మనిషి నీకెందుకు కనిపించలేదు?

ఉగ్బరు గురించి అడుగుతున్నాను. గుతియం అనే ప్రాంతానికి అధిపతి. క్రీ.పూ. 539లో, బాబిలోను వాళ్ళ లెక్కలో తష్రీతు నెల 14న, సిప్పర్ నగరం యుద్ధం లేకుండా లొంగింది. బాబిలోను రాజు నబోనిదస్ పారిపోయాడు. 16న సైరస్ సైన్యాన్ని వెంటబెట్టుకుని బాబిలోనులోకి అడుగుపెట్టింది ఈ ఉగ్బరే. సైరస్ తీరిగ్గా తర్వాతి నెల 3న వచ్చాడు. అదే నెల 11 రాత్రి ఉగ్బరు చనిపోయాడు. ఎలా పోయాడో పలకలో లేదు. గ్రీకు రచయిత క్సెనోఫన్ చెప్పే గోబ్రియాస్ ఇతనే అని చాలామంది అంటారు. ఆ కథలో అతను శత్రువు వైపు అధిపతి. రాజు తన కొడుకుని చంపాడని సైరస్ పక్షానికి వచ్చేశాడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు పూలు చల్లించావు!

విజేత కథని విజేత గుర్రం మీద కూర్చుని రాయకూడదని నేను నలుగురిలో ఎక్కడ మాట్లాడినా చెబుతాను, విన్నవాళ్ళు తక్కువ. పక్షం మారినవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. సైరస్ ఎదిగిన తీరే చూడు. మొదట అన్షాన్ అనే చిన్న రాజ్యానికి రాజు. మీడియా అనే దేశపు రాజు అస్త్యగెస్ దండెత్తి వస్తే, వచ్చిన సైన్యమే తిరగబడి తన రాజుని బంధించి సైరస్‌కి అప్పగించింది. అది క్రీ.పూ. 550. మీడియా రాజధాని ఎక్బటానాలోని వెండీ బంగారం అన్షాన్‌కి తరలిపోయాయి. ఆ రాత్రి మీడియా గుడారాల్లో ఏం మాట్లాడుకుని ఉంటారు? మొదట ఎవడు నోరు తెరిచి ఉంటాడు? మన దగ్గర ఫలితాలు వచ్చిన వారానికే కండువాలు మార్చేవాళ్ళని చూస్తూ పెరిగినదానివి, నీకు ఇది ఊహించడం కష్టమా?

నువ్వు తొమ్మిది పేజీలు తాతగారు అస్త్యగెస్ కలకి, గొల్లవాడి ఇంట్లో పెరిగిన పసివాడు సైరస్‌కి ఇచ్చావు. అది అందరూ రాసేదే. ఆ పసివాడిని చంపమని అస్త్యగెస్ పురమాయించిన హార్పగస్‌ని మూడు పేరాల్లో తేల్చేశావు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన ప్రకారం, పసివాడిని చంపలేదన్న కోపంతో అస్త్యగెస్ ఇతనికి సొంత కొడుకు మాంసమే విందులో వడ్డించాడు. హార్పగస్ తిని, తెలుసుకుని, రాజుగారు ఏం చేసినా బాగానే ఉంటుందని ఇంటికి పోయాడు. ఏళ్ళ తర్వాత చెవుల పిల్లి కడుపులో ఉత్తరం దాచి సైరస్‌కి పంపాడు. లిడియా రాజ్యంతో యుద్ధంలో వాళ్ళ గుర్రాలు బెదిరేలా ముందు వరసలో ఒంటెల్ని నిలబెట్టమని సలహా ఇచ్చిందీ అతనే. చివరికి సైరస్ సేనానిగా లైకియా దేశం మీదికి వెళ్ళాడు. అక్కడ క్సాంథస్ నగరం వాళ్ళు ఓడిపోయి, కోటలో భార్యల్నీ పిల్లల్నీ పెట్టి నిప్పంటించి, బయటికొచ్చి పోరాడి చచ్చిపోయారు. కొడుకుని అలా పోగొట్టుకున్న మనిషి ఆ పొగని చూస్తూ నిలబడ్డాడమ్మా. నీ నవల ఆ పొగలో ఉంది. సైరస్ ఉపన్యాసంలో లేదు.

ఈ మాటే నేను ఒకప్పుడు ఒక వారపత్రికలో చెప్పబోయాను. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ తలుపు తెరిచిన అబ్దుల్లా ఖాన్ మీద సీరియల్ రాసి తీసుకెళ్ళాను. ఎడిటరుగారు అట్ట మీద పేరు చదివి, ద్రోహి కథ ఎవడు చదువుతాడండీ, కోట కోసం చివరిదాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ మీద రాయండి, ఒంటి నిండా గాయాలు, జనం ఏడుస్తారు, అన్నారు. లారీ గొప్పవాడే, కాదనను. కానీ అతనేం చేస్తాడో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అబ్దుల్లా ఖాన్ రాత్రి నిద్రపోయాడా లేదా అన్నది నాకు కావాలి. కాయితాలు తిరిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. ఆ ఎడిటరుగారు వేసుకున్న వీరగాథలు పాత పుస్తకాల షాపులో కూడా దొరకవు. ఇప్పుడు ఎడిటర్లు తగ్గారు, ఎలివేషన్లు పెరిగాయి. పేజీకో ఎలివేషన్ లేకపోతే మీ తరానికి ఊపిరాడదు.

ఇక సైరస్ పేరిట రాయించిన ఆ మట్టి సిలిండర్. 1879లో బాబిలోను తవ్వకాల్లో దొరికింది, జానెడు పొడవు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1971లో ఇరాన్ రాజు షా పారసీక సామ్రాజ్యానికి 2500 ఏళ్ళ ఉత్సవం చేసి దాన్ని గుర్తుగా పెట్టుకున్నాక మానవ హక్కుల పత్రం అన్న పేరు బాగా నలిగింది. చదివి చూడు. బాబిలోను వాళ్ళ మర్దుక్ దేవుడు ధర్మాత్ముడైన రాజు కోసం దేశాలన్నీ వెతికి సైరస్ చెయ్యి పట్టుకున్నాడట, నబోనిదస్ పాపిష్టివాడట. అది రాయగలిగింది మర్దుక్ గుడి చదువు చదువుకున్నవాళ్ళే, నిన్నటిదాకా నబోనిదస్ ఏలుబడిలో ఉన్నవాళ్ళే. బైబిల్లో కోరెషుని యెహోవా అభిషిక్తుడన్నదీ అలా ఓడిన జాతే, యూదులు, వాళ్ళ కారణాలు వాళ్ళవి. సైరస్ తెలివి అక్కడుంది, గుళ్ళ జోలికీ గుమాస్తాల జోలికీ పోలేదు. బాబిలోనులో ఎగిబి అనే వ్యాపారుల కుటుంబం వాళ్ళ లావాదేవీల పలకలు చూడు, రాజు పేరు మారింది, వ్యాపారం సాగిపోయింది. ఆ సామ్రాజ్యం రెండువందల ఏళ్ళకి పైగా నిలబడిందంటే అందులో ఇలాంటివాళ్ళ వాటా ఎంతో నువ్వు ఆలోచించు. ఎగిబి ఇంట్లో ఆ నెల ఏం జరిగి ఉంటుందో ఒక్క అధ్యాయం రాయలేవా?

సైరస్ చావు ఎలా పెట్టాలని అడిగావు. అతనితో యుద్ధం చేసిన రాణి తోమిరిస్ అతని తలని రక్తం నింపిన తోలుసంచిలో ముంచిందంటాడు హెరొడోటస్, మంచం మీద పోయాడంటాడు క్సెనోఫన్. నీ ఇష్టం. ప్రచురణకర్తల సంగతి ఇంకోసారి.

ఉగ్బరు అధ్యాయం ముందు రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, అక్షరాలు ఆనడం లేదు. ప్రింటు తీయించి పోస్టులో పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు