బీరు కాస్తారా, పెడతారా?

సందేహం: మాస్టారూ, మా అల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. కిట్టు తెప్పించుకుని ఇంట్లోనే ఏల్ అనే రకం నల్లటి బీరు తయారుచేసి, సీసాల మీద సరదాగా తెలుగులో లేబుళ్ళు అంటించాడు, ‘ఇంట్లో కాచిన నల్లబీరు’ అని. ఆ ఫొటో చూసి మా ఆవిడ ‘కాచిన ఏంటండీ, నాటుసారాలాగా’ అని ఒకటే గొడవ. పోనీ ‘పులియబెట్టిన’ అని రాయమంటే, పులిస్తే బీరు పాడైనట్టే కదా మావయ్యా అంటాడు అతను. ఏది సరైన మాట? సీసాల్లో పోశాక కొన్ని వారాలు కదపకుండా ఉంచడాన్ని కండిషనింగ్ అంటారట, దానికి తెలుగేమిటి? – సత్యనారాయణపురం, విజయవాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందే చెప్పేస్తున్నా, మీ ఆవిడ చెవి గట్టిది.

కాచడమంటే వేడి చేయడం. పాలు కాస్తాం, నెయ్యి కాస్తాం, కషాయం కాస్తాం. సారాకీ అదే మాట, ఎందుకంటే అక్కడ పులిసిన బెల్లపు ఊటని బట్టీ మీద పెట్టి కాచి, లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. ‘సారా బట్టీలపై దాడి, బెల్లపు ఊట ధ్వంసం’ అని పేపర్లో ఏళ్ళ తరబడి చదివాక, మందు పక్కన ‘కాచిన’ అని కనబడితే ఎవరికైనా బట్టీ పొగే గుర్తొస్తుంది. బీరు ఫ్యాక్టరీలో కాచే పని ఉన్నమాట నిజమే, బార్లీ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నుంచి తీసిన తియ్యటి రసంలో చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి గంటా ఆ ప్రాంతం మరిగిస్తారు. కానీ కిట్టులో ఆ మరిగించడం ముందే అయిపోయి, రసం పాకంలా చిక్కబడి డబ్బాలో వస్తుంది. కిట్టుతో వచ్చిన సూచనల కాగితం ఫొటో మీరు పంపారుగా, చదివాను. 1.8 కిలోల డబ్బా పాకం, కిలో చక్కెర వేడినీళ్ళలో కరిగించి, చన్నీళ్ళు పోసి 23 లీటర్లు చేసి, వేడి 18–24 డిగ్రీలకు దిగాక పులియబెట్టే ఈస్టు పొట్లం విప్పి పైన చల్లి మూతపెట్టాలి, అంతే. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు కానట్టే, వేడి తగ్గకుండా ఈస్టు చల్లితే అది చచ్చి ఊరుకుంటుంది. కాబట్టి మీ అల్లుడుగారు కాచింది ఏదైనా ఉంటే కెటిల్లో నీళ్ళు. (ఇంగ్లండులో 1963 నుంచి సొంతానికి బీరు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ అలా కాదు, ఈ సమాధానం చదివి మీరు విజయవాడలో కిట్టు విప్పకండి, ఎక్సైజు వాళ్ళు వ్యాకరణం వినరు.)

మన దగ్గర ఒక్కోదానికి ఒక్కో క్రియ. కల్లు గీస్తారు, బెల్లం వండుతారు, మజ్జిగ చిలుకుతారు, అప్పడాలు ఒత్తుతారు. ఆవకాయ మాత్రం పెడతారు, వడియాలు పెడతారు, పాలకి తోడు పెడతారు. మనం కలిపి వదిలేస్తే మిగతా పని కాలమో ఎండో చూసుకునేవాటికి ‘పెట్టడం’ అలవాటైన మాట. కిట్టు బీరూ ఆ కోవలోదే, అందుకే ‘ఈ నెల మా అల్లుడు బీరు పెట్టాడు’ అంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. వడ్డించాడనే అర్థం కూడా వస్తుందంటారా, ఆవకాయకీ ఆ తిప్పలున్నాయి, ఎవరూ తికమకపడటం లేదు.

ఇక పులియడం. పులుపు, పులుసు, పులియు ఒక్క కుదురులోవే, మీ అల్లుడి అనుమానం అక్కడినుంచే వచ్చింది. ఇడ్లీపిండికీ తరవాణికీ పులుపు నిజంగానే ఎక్కుతుంది. కల్లు పొద్దున దించినప్పుడు తియ్యగానే ఉండి, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. అయితే ఈ మాట రుచిని దాటి ఎప్పుడో ముందుకెళ్ళింది. గుంటూరులో ఏ చర్చికి వెళ్ళినా ‘పులియని రొట్టెల పండుగ’ అనే మాట వినబడుతుంది, అక్కడ పులియనిది అంటే పుల్లగా లేనిదని కాదు, పొంగించే పదార్థం కలపనిదని. పైగా తేడా అంతా ‘పెట్టు’లో ఉంది, సంధిలో పకారం బకారమై ‘పులియబెట్టు’ అయిందంతే. పులిసిన బీరంటే దానంతటదే చెడింది, పారబోయాల్సిందే. పులియబెట్టిన బీరంటే మనం పనిగట్టుకుని చేసింది. రాత్రి రుబ్బి పులియబెట్టిన పిండికీ, బయట మర్చిపోతే పులిసిపోయిన పిండికీ ఎంత తేడా ఉందో మీ ఆవిడని అడగండి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే కిణ్వనం అంటారు. కిణ్వం పాత మాటే, సుర తయారీలో పులియబెట్టడానికి వాడే పదార్థానికి కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆ పేరే ఉంది, కానీ సీసా మీద రాస్తే ఇంటర్ పరీక్ష పేపరులా కనబడుతుంది, వద్దు.

కండిషనింగ్ సంగతి ఇంకా బాగుంది. సీసాకి అరచెంచా చక్కెర వేసి బిగిస్తారు. మిగిలి ఉన్న ఈస్టు దాన్ని తిని గ్యాసు వదులుతుంది, బయటికి దారిలేక ఆ గ్యాసు బీరులోనే కరుగుతుంది. మన గోళీసోడాలో గ్యాసు బయటినుంచి ఎక్కిస్తారు, ఇక్కడ లోపలే పుడుతుంది. పులియడం పూర్తికాకముందే సీసాల్లో పోస్తే మాత్రం పగిలిపోతాయి, జాగ్రత్త చెప్పండి. ముందు కొన్నాళ్ళు వెచ్చగా, తర్వాత కొన్ని వారాలు చల్లగా ఉంచితే వేయించిన మాల్టు కరుకుదనం తగ్గి రుచి కుదురుతుంది. దీన్ని నిలవబెట్టడం అంటే ఉత్త దాచిపెట్టడం, లోపల జరిగే మార్పు అందులో లేదు. ఊరబెట్టడం అంటే పచ్చడి గుర్తొస్తుంది, లేదా పైన చెప్పిన బెల్లపు ఊట. మగ్గబెట్టడం దగ్గరిదే, కానీ జనం జైల్లో కూడా మగ్గుతుంటారు. నా ఓటు మాగబెట్టడానికి. నూజివీడు రసాలు వరిగడ్డిలో వేసి మాగబెడితే ఏమవుతుందో తెలుసుగా, పుల్లటి కాయ తనలో తానే మెత్తబడి తీపెక్కుతుంది. కార్బైడు వేసి రాత్రికి రాత్రి రంగు తెప్పించినదాన్ని మాగిన పండు అనడానికి నాకు నోరు రాదు.

‘నల్ల’ గురించి మీరు అడగలేదు గానీ అది సరిగ్గానే ఉంది. సీసాని వెలుతురుకి పెట్టి చూస్తే ముదురు గోధుమరంగే కనబడొచ్చు, నల్లబెల్లం మాత్రం నిజంగా నల్లగా ఉంటుందా? ‘బీరు’ కూడా ఉండనివ్వండి. నల్ల ఏల్ అని రాస్తే నా వయసువాళ్ళు ‘నల్లన ఏల?’ అని చదువుకుంటారు.

23 లీటర్లంటే అరలీటరు సీసాలు 46, అన్ని లేబుళ్ళూ పీకి మళ్ళీ రాయమంటే అల్లుడికి కోపం రావచ్చు. ‘కాచిన’ దగ్గర రెండే అక్షరాలు మార్చి, కా బదులు మా, చి బదులు గి దిద్దమనండి. ‘ఇంట్లో మాగిన నల్లబీరు’.