జన్యుక్రమం దాదాపు ఒకటే అయి, జతకట్టి పిల్లల్ని కూడా కనే రెండు పక్షులను వేర్వేరు జాతులని ఎలా అంటారు?

ఈ ప్రశ్న చదవగానే నాకు పుస్తకాలకంటే ముందు మా బాల్కనీ గుర్తుకు వచ్చింది. తొమ్మిదేళ్లుగా జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటున్నాను. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఈ ఊరినుంచి పడమటికి వెళ్లేకొద్దీ కాకులన్నీ నిలువెల్లా నలుపు. తూర్పున పోలెండ్ వైపు వెళ్తే తల, రెక్కలు, తోక మాత్రమే నల్లగా ఉండి, వీపూ పొట్టా బూడిద రంగులో ఉండే కాకులు కనిపిస్తాయి. రెండూ కలిసే సన్నని పట్టీ మా ప్రాంతం మీదుగానే పోతుంది. విల్హెల్మ్ మైజె అనే పక్షి శాస్త్రవేత్త 1928లోనే దీని వ్యాప్తిని వివరంగా నమోదు చేశారు.

మూడేళ్ల కిందట మే నెలలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నాన్నగారి ఆబ్దికం ఆ రోజుల్లోనే పడింది. ఉన్నంతలో జరిపించి, నువ్వులు కలిపిన అన్నం ముద్దను బాల్కనీ గట్టు మీద పెట్టి, మేమిద్దరం లోపలికి జరిగి నిలబడ్డాం. ముందుగా నల్లకాకి వచ్చి వాలింది. మెడ వంచి చూసింది గాని ముట్టలేదు. ఆ వెనకే బూడిద రంగు కాకి వచ్చి, జంకూ గొంకూ లేకుండా ముద్దలో ముక్కు గుచ్చింది. అమ్మ మొహం చిన్నబోయింది. "అదేం కాకిరా, చొక్కా తొడుక్కుని వచ్చింది? అది ముట్టుకుంటే చెల్లుతుందంటావా?" అంది.

మీరు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఏది కాకి కింద లెక్క?

జవాబు చెప్పేలోపే ఆ బూడిద కాకి గొంతు నిండా మెతుకులు పట్టుకుని ఎదుటి లిండెన్ చెట్టు మీది గూటికి ఎగిరిపోయింది. గూటి పక్క కొమ్మ మీద కూర్చున్నది అంతకుముందు వచ్చిన నల్లకాకే. అవి రెండూ ఒక జంట. జూన్ రెండో వారంలో గూడు విడిచి వచ్చిన పిల్ల పైకి నలుపే గాని, రొమ్ము మీదా పొట్ట అంచులమీదా మురికి బూడిద మచ్చ ఉంది. మన ఊరకాకి మెడ రంగు జారి పొట్టకు దిగినట్టుందని అమ్మ చాలా సంతోషించింది.

ఇక జన్యువుల మాట. 2014లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం నుంచి యోఖెన్ వోల్ఫ్ బృందం 60 కాకుల జన్యుక్రమాలను పోల్చి చూసింది. కాకి జన్యుక్రమంలో దాదాపు 100 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలుంటాయి. అందులో నల్లకాకులన్నిటిలో ఒక అక్షరం, బూడిద కాకులన్నిటిలో మరొకటి నికరంగా ఉన్న చోట్లు 82 మాత్రమే. వాటిలో 81 ఒకే గుంపుగా, 18వ క్రోమోజోమ్ మీద 20 లక్షల అక్షరాలకు మించని ఒక ముక్కలో ఉన్నాయి. ఈకల రంగును నడిపించే జన్యువులు ఆ ముక్కలోనే ఉన్నాయి. ఇంకా విచిత్రం, జర్మనీ నల్లకాకి తక్కిన జన్యుక్రమమంతటా తనలాగే నల్లగా ఉన్న స్పెయిన్ కాకికంటే, పక్కనున్న బూడిద కాకికే దగ్గరి చుట్టం.

అంటే ఎల్బే తీరంలో వంశాలు కలుస్తూనే ఉన్నాయి. తక్కిన జన్యువులన్నీ అటూ ఇటూ ధారాళంగా దాటుతున్నాయి. చెక్‌పోస్టులో లారీలన్నిటినీ వదిలేసి, ఒక్క రకం సరుకును మాత్రం పట్టుకున్నట్టు, రంగు జన్యువులు మాత్రమే ఆగిపోతున్నాయి. కాకులు ఎక్కువగా తమ రంగు జతనే ఎంచుకుంటాయి కాబట్టి, అటూ ఇటూ కాని రంగుతో పుట్టినవాటికి జత దొరకడం కష్టమై, అవతలికి వెళ్లిన రంగు జన్యువు కొన్ని తరాలలో ఏరివేతకు గురవుతుంది. రంగుకు దూరంగా ఉన్న జన్యువులు తరతరానికీ కలగాపులగమై విడివడతాయి గనుక వాటికి ఆ అడ్డు ఉండదు. 2019లో వెలువడిన అధ్యయనం ఈ 18వ క్రోమోజోమ్ ముక్కకు ఎన్‌డీపీ అనే మరో జన్యువును జత చేసి, ఈ రెండింటి కలయికే చాలావరకు రంగును తేలుస్తుందని చూపింది.

అందుకే "99 శాతం ఒకటే" అనే వాదనంటే నాకు చిరాకు. శాతాన్ని చూసి జాతిని తేల్చడం, బియ్యం బస్తాను తూచి అన్నం రుచి చెప్పడం లాంటిది. తేడా ఎంతుందన్నది కాదు, ఆ తేడా ఎక్కడుంది, పెళ్లిసంబంధం కుదిరే చోట ఉందా లేదా అన్నది చూడాలి. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నాం గాని, ఏ రంగు కాకికి అన్నది మనవాళ్లు అడగలేదు. ఇక్కడ చిక్కంతా దానిలోనే ఉంది.

మన భాష కూడా ఈ గందరగోళానికి కొంత బాధ్యత వహించాలి. పాఠ్యపుస్తకంలో జాతి అంటే ఒకటి, సంతలో ఒంగోలు జాతి ఎద్దు అంటే మరొకటి, పత్రికలో తెలుగు జాతి అంటే ఇంకొకటి. ఒంగోలు గిత్తనూ నడుమెత్తు కూడా రాని పుంగనూరు ఆవునూ పక్కపక్కన నిలబెడితే మా కాకులకంటే వందరెట్లు తేడాగా కనిపిస్తాయి. అయినా అవి ఒకే జాతి. ఆ తేడాను మనిషి ఎంచి పెంచాడు. కాకుల తేడాను కాకులే కాపాడుకుంటున్నాయి.

తమలో తాము సంతానం కంటూ ఇతరులతో కలవని సమూహమే జాతి అని 1942లో నిర్వచించి స్థిరపరచిన ఎర్నెస్ట్ మైర్ యౌవనం గడిపింది ఈ డ్రెస్డెన్‌లోనే. 1923లో ఇక్కడికి దగ్గరి మోరిట్స్‌బుర్గ్ చెరువులో అరుదైన ఎర్రశిఖ బాతుల జంటను చూసిన సంఘటనే ఆయనను పక్షి శాస్త్రంలోకి తీసుకువెళ్లింది. నిర్వచనానికి లొంగని కాకులు ఆ కుర్రవాడి నెత్తిమీదే ఎగిరి ఉంటాయని తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. బ్రిటన్‌లోని పక్షి శాస్త్రజ్ఞుల సంఘం మాత్రం 2002లో రెండింటినీ వేర్వేరు జాతులుగా ప్రకటించింది. నా ఓటూ దానికే, గూడు ఒకటే అయినా సరే.

ఆ జూన్‌లో పిల్లకాకిని ఫోన్‌లోని పక్షుల జాబితాలో నమోదు చేయబోతే నల్లకాకి, బూడిద కాకి, రెండింటి సంకరం అని మూడు వరుసలు చూపించింది. నేను మూడోదాన్ని నొక్కుతుంటే అమ్మ భుజం మీదుగా తొంగి చూసి, ఉత్త కాకి అని రాసే వీలు లేదా అని అడిగింది.