విశాఖ డాక్టర్ మిస్టరీ నవల: హీరో పట్టాల్సింది కత్తి కాదు, కలం

మీ ప్రశ్న ఇది: ప్రైవేటు ఆసుపత్రి ఫిజీషియన్ హీరో. వార్డులో వరసగా అనుమానాస్పద మరణాలు. అర్ధరాత్రి కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి, కింగ్ జార్జ్ హాస్పిటల్) మార్చురీలోకి దూరి తనే పోస్ట్‌మార్టం చేసి విషం కనిపెడతాడు. పాఠకుడు నమ్ముతాడా?

నమ్మడు. పోలీసుల రిక్విజిషన్ (రాతపూర్వక అభ్యర్థన), శవ పంచనామా లేకుండా అక్కడ కత్తి కదలదు. చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ వాళ్లు, వైద్యం చేసిన డాక్టర్ కాదు. సూర్యాస్తమయం తర్వాత పోస్ట్‌మార్టానికి 2021 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది గానీ, హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలను మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప అవి పగలే.

మీ హీరో అసలు బలం ఫారం 4. ఆసుపత్రి మరణానికి కారణం రాసి డాక్టర్ సంతకం చేసే కాగితం అది. ఎ, బి, సి అని వరసలుంటాయి. పైన తక్షణ కారణం, కింద దానికి మూలం. హడావుడిలో చాలామంది పైవరసలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని గీకి వదిలేస్తారు. చచ్చిన ప్రతివాడి గుండే ఆగుతుంది, అదేం కారణం? మీ హంతకుడు దూరేది సరిగ్గా ఆ ఖాళీలోంచే. హీరో సంతకం ఆపి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాసి, పోలీస్ స్టేషన్‌కి ఇంటిమేషన్ పంపాలి. కేజీహెచ్ చుట్టుపక్కల కథయితే మహారాణిపేట స్టేషన్. ఎస్సై పంచనామా చేసేది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194 కింద. 2024 జులై 1కి ముందు జరిగే కథయితే సీఆర్పీసీ 174 అని రాయండి. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ అయితే పంచనామాకి మామూలుగా తహసీల్దారు వస్తారు.

గొడవంతా ఇక్కడే పెట్టండి: బంధువులు, మేనేజ్‌మెంటు, "ఇంకా ఎందుకు కోయడం బాబూ" అనే పెద్దాయన. సాయంత్రానికి దహనమైపోతే సాక్ష్యం దాదాపు పోయినట్టే. పాతిపెట్టి ఉంటే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తవ్వి తీయొచ్చు. మన దేశంలో దానికి కాలపరిమితి లేదు.

శరీరం ఎంత చల్లబడిందో చూసి మరణ సమయం చెప్పే ఇంగ్లిషు నవలల లెక్క వాడొద్దు. మే నెలలో ఏసీ లేని గది 35 డిగ్రీలుంటే 37 డిగ్రీల శరీరం ఏం చల్లబడుతుంది? శవం బిగుసుకోవడం గంటా రెండు గంటల్లో మొదలవుతుంది. కడుపు కింద కుడివైపు పచ్చమచ్చ ఎండాకాలంలో 12-18 గంటలకే కనిపించొచ్చు. అమెరికా కొడుకు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో పెడితే ఈ లెక్కలన్నీ తారుమారు.

ఇక విసెరా, అంటే విషం పరీక్షకి తీసి పంపే లోపలి అవయవాలు. పొట్ట, లోపలున్నదానితో సహా. చిన్నపేగు సుమారు 30 సెం.మీ. ఈ రెండూ ఒక సీసాలో. కాలేయం 500 గ్రాములు, రెండు కిడ్నీల్లో చెరి సగం, ఇంకో సీసాలో. వెడల్పు మూతి గాజు సీసాలు, మూడింట రెండొంతులే నింపాలి. లేకపోతే గ్యాసుకి మూత లేస్తుంది. పోసేది చిక్కటి ఉప్పు నీళ్లు, ఇక కరగనంత ఉప్పు వేసినవి. అదే ద్రావణం కొంచెం విడిగా పంపాలి, విషం దాన్లోంచే వచ్చిందని డిఫెన్స్ లాయరు అనకుండా. ఎవరైనా పొరపాటున ఫార్మలిన్ (అవయవాలు కుళ్లకుండా ఉంచే రసాయనం) పోస్తే విషాన్ని వెలికితీయడం కష్టమవుతుంది. మలుపు కావాలంటే ఇదొకటి. రక్తం గుండెలోంచి కాదు, తొడ సిరలోంచి. చనిపోయాక మందులు అవయవాల్లోంచి గుండె రక్తంలోకి ఊరి, మోతాదు ఎక్కువ చూపిస్తుంది. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు మరుసటి అధ్యాయంలో రాదు, వారాలు, ఒక్కోసారి నెలలు. అప్పటిదాకా తుది అభిప్రాయం పెండింగే.

విలన్ నర్సు ఇన్సులిన్ వాడినట్టు రాస్తే, మామూలు విసెరా పరీక్షలో అది దొరకదు, ప్రత్యేకంగా అడగాలి. హీరో ముందుగా పరిగెత్తాల్సింది మార్చురీకి కాదు, ఆసుపత్రి ల్యాబుకి. రోగి బతికుండగా తీసిన రక్తం ఫ్రిజ్‌లో ఇంకా మిగిలుంటే, అందులో ఇన్సులిన్ ఎక్కువుండి సి-పెప్టైడ్ (శరీరం సొంతంగా ఇన్సులిన్ తయారుచేసినప్పుడు దానితోపాటే వచ్చే పదార్థం) తక్కువుంటే, ఆ ఇన్సులిన్ శరీరం తయారుచేసింది కాదు, బయటినుంచి ఎక్కినది. పాత శాంపిళ్లను ల్యాబు వాళ్లు కొద్దిరోజుల్లోనే పారేస్తారు, మీ గడియారం అక్కడ పెట్టండి.